బరువు తగ్గించే శస్త్రచికిత్సకు సన్నాహం: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం

బరువు తగ్గించే శస్త్రచికిత్సను వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ అంటారు. జీర్ణాశయాన్ని చిన్నది చేయడం, ఆహారం చిన్నపేగులో కొంత భాగాన్ని తాకకుండా దారి మళ్లించడం (బైపాస్), లేదా రెండూ కలిపి చేయడం ఇందులోని పద్ధతులు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షన్ వేరే సంగతి. అది ఆకృతి కోసం చేసేది. బేరియాట్రిక్ సర్జరీ షుగరు, బీపీ, గురకతో ఊపిరి ఆగే జబ్బు, కాలేయంలో కొవ్వు, మోకాళ్ల అరుగుదల వంటి వాటిని అదుపులోకి తేవడానికి చేసేది. ఆపరేషన్ ఒకటి రెండు గంటల్లో అయిపోతుంది. దాని ముందు నడిచే సన్నాహం మాత్రం కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా పడుతుంది.

ఆ సన్నాహంలో ఏమేమి ఉండాలన్నది ఆసుపత్రికీ ఆసుపత్రికీ, బీమా కంపెనీకీ ప్రభుత్వ పథకానికీ, దేశానికీ దేశానికీ మారిపోతుంది. కొన్ని షరతులు రోగి ఒంటిని కాపాడడానికి పుట్టాయి. మరికొన్ని డబ్బు కట్టేవారి లెక్క కోసం పుట్టాయి. ఏది ఏదో రోగికి తెలియాలి. ఇవి కాక ఉత్తరాంధ్ర నేలకు, తిండికి, అలవాట్లకు సంబంధించిన అవసరాలు కొన్ని ఉన్నాయి. బయట తయారైన జాబితాల్లో వాటికి చోటుండదు కాబట్టి ఇక్కడ వాటి గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

ప్రాంతం, పరిస్థితి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది, పురుషులలో 31.1 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. అదే సర్వేలో అదే వయసు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత తేలింది. స్త్రీల ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. బరువు ఎక్కువ ఉన్న మనిషికి పోషణ బాగా ఉందనుకోవడం పొరపాటని అవి సూచిస్తున్నాయి.

శ్రీకాకుళంలో 2008 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. జనం రిమ్స్ అనే పిలుస్తారు. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, శ్రీకాకుళం పక్కన రాగోలులో జెమ్స్ ప్రైవేటు కళాశాలలు. అయినా బరువు తగ్గించే ఆపరేషన్ కోసం ఈ జిల్లాల వాళ్లు ఎక్కువగా విశాఖపట్నం ప్రైవేటు ఆసుపత్రులకే పోతారు, కొందరు హైదరాబాదు, చెన్నై దాకా వెళతారు. విజయనగరం నుంచి విశాఖ దగ్గరే. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు మాత్రం ఒక్కో పరీక్షకు ఒక్కో రోజు కూలీ, బస్సు ఖర్చు పోతుంది. కాబట్టి రక్తపరీక్షలు, ఈసీజీ, పొట్ట స్కానింగ్ వంటివి దగ్గరి ఊళ్లోనే చేయించుకోవచ్చా, ఎన్ని రోజుల నాటి రిపోర్టులు చెల్లుతాయి అని ఆపరేషన్ చేసే ఆసుపత్రిని మొదటి రోజే అడిగి రాయించుకోవాలి. చాలాచోట్ల పాత రిపోర్టులు ఒప్పుకోరు.

ఎవరికి చేస్తారు: ఒకే మనిషికి ఆరు గీతలు

అర్హతను బీఎంఐతో కొలుస్తారు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును అదే ఎత్తుతో గుణించగా వచ్చిన అంకెతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. అయిదడుగుల రెండంగుళాల స్త్రీని ఒకరిని తీసుకుంటే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత 40. షుగరు వంటి తీవ్ర జబ్బు తోడుంటే 35. మన స్త్రీ లెక్కలో అవి 99 కిలోలు, 87 కిలోలు. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని షుగరు వస్తుందని తేలాక, 2009లో భారతీయ నిపుణులు ఆ గీతలను 37.5కూ 32.5కూ దించారు. అంటే 93, 81 కిలోలు. ఊబకాయ శస్త్రవైద్యుల భారతీయ సంఘం తర్వాత వాటిని ఇంకా దించి, 35 దాటితే జబ్బులు లేకపోయినా, 30 దాటి జబ్బులు రెండుంటే ఆపరేషన్‌కు తగునంది. 2022లో అమెరికా బేరియాట్రిక్ శస్త్రవైద్యుల సంఘమూ ఆ రంగపు అంతర్జాతీయ సమాఖ్యా కలిసి పాత 1991 గీతను పక్కన పెట్టాయి. 35 దాటిన అందరికీ ఆపరేషన్ సూచించవచ్చని, ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆ మాట చెప్పవచ్చని ప్రకటించాయి. 27.5 అంటే మన స్త్రీకి 68 కిలోలు.

ఇక బీమా. భారత బీమా నియంత్రణ సంస్థ 2019లో అన్ని ఆరోగ్య పాలసీలకూ మినహాయింపుల భాషను ఒకే తీరుగా చేసింది. దాని ప్రకారం ఊబకాయ శస్త్రచికిత్సకు డబ్బు రావాలంటే డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, బరువు తగ్గే ఇతర మార్గాలు ఫలించక, ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాస జబ్బు, అదుపులోకి రాని టైప్ 2 షుగరు – వీటిలో ఒకటి ఉండాలి. వైద్యశాస్త్రం 68 కిలోల దగ్గరే ఆలోచించవచ్చంటున్న స్త్రీని బీమా 87 దాకా, ఒక్కోసారి 99 దాకా ఆగమంటున్నదన్నమాట. బరువు మోస్తున్నన్నాళ్లూ షుగరు ముదురుతూనే ఉంటుంది. ఈ ఎడం పూర్తిగా లెక్కల వ్యవహారం. ఇందులో రోగి మేలు లేదు.

ఉన్న నిబంధనతోనే నెగ్గుకు రావాలంటే కాగితం ముఖ్యం. ఇతర మార్గాలు ఫలించలేదని చూపడానికి తేదీలతో బరువు రాసిన చీటీలు కావాలి. మన ఊళ్లలో షుగరు చూపించుకోవడానికి ఏళ్ల తరబడి డాక్టరు దగ్గరికి వెళ్లినా చీటీ మీద మందులే ఉంటాయి తప్ప బరువూ ఎత్తూ ఉండవు. ప్రతిసారీ అడిగి రాయించుకోవడానికి ఖర్చేమీ కాదు. గురక జబ్బు తీవ్రమైనదని తేల్చడానికి రాత్రంతా కొలిచే నిద్ర పరీక్ష రిపోర్టు కావాలి. పాలసీ తీసుకున్నాక రెండు మూడేళ్లు ఆగాలనే నిబంధన కూడా చాలా పాలసీల్లో ఉంటుంది.

ఈ జిల్లాల నుంచి అమెరికా, బ్రిటన్ వెళ్లి స్థిరపడిన పిల్లలు అక్కడి పద్ధతి చెబుతూ ఇంట్లోవాళ్లను తికమక పెట్టడం మామూలే. అమెరికాలో చాలా ప్రైవేటు బీమా సంస్థలు మూడు నుంచి ఆరు నెలలు డాక్టరు పర్యవేక్షణలో పథ్యం చేశాకే అనుమతిచ్చేవి. ఆ నెలల ఎదురుచూపు ఆపరేషన్ ఫలితాన్ని మెరుగుపరుస్తుందనడానికి ఆధారం లేదని అక్కడి శస్త్రవైద్యుల సంఘమే 2016లో తేల్చి చెప్పింది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవ ముందు నిపుణుల బరువు నియంత్రణ కేంద్రంలో చేర్చుతుంది. ఆసియా మూలాల వాళ్లకు బీఎంఐ గీతను 2.5 తగ్గిస్తుంది. మన దగ్గర సొంత డబ్బుతో చేయించుకునేవాళ్లకు అలాంటి అడ్డంకులేవీ ఉండవు. అది వరంలా కనిపిస్తుంది గానీ, వారం రోజుల్లో పరీక్షలన్నీ చుట్టేసి బల్ల ఎక్కించే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

అందరికీ చేసే పరీక్షలు

రక్తం లెక్క, మూడు నెలల షుగరు సగటు, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల పనితీరు, ఐరన్ నిల్వలు, బి12, విటమిన్ డి, ఈసీజీ, పొట్ట స్కానింగ్ దాదాపు అన్నిచోట్లా అడుగుతారు. గుండెకు ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష మనిషిని బట్టి. ఎండోస్కోపీ విషయంలో దేశాల మధ్య భేదం ఉంది. లక్షణాలుంటేనే చేయాలన్నది కొన్నిచోట్ల వాడుక. మన దేశంలో జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ సూక్ష్మజీవి ఎక్కువ కాబట్టి అందరికీ చేయడం మేలు. బైపాస్ చేశాక పాత జీర్ణాశయం లోపలికి మామూలు ఎండోస్కోపీ గొట్టం చేరదు; చూడవలసింది ముందే చూడాలి.

మూడు నెలల షుగరు సగటు 7 లోపుకు తెస్తే మంచిది. ఏళ్ల నాటి మొండి షుగరుకు 8 దాకా ఒప్పుకునే వైద్యులున్నారు. మత్తు డాక్టరు ప్రధానంగా చూసేది గురక, మెడ చుట్టుకొలత, పగటి నిద్రమత్తు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే కొన్ని వారాల ముందు నుంచే రాత్రిపూట గాలి మాస్కు వాడిస్తారు. ఆపరేషన్ తర్వాతా అదే మాస్కు వెంట ఉండాలి.

ఈ నేల అడిగే పరీక్షలు

మొదటిది మూత్రపిండాలు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల ఉద్దానంలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు కమ్ముకుని ఉంది. కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఉద్దానం కిడ్నీ జబ్బు తొలిదశలో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, బీపీ పెరగదు, కాళ్లు వాయవు. మూత్రపరీక్ష బాగుందని ఊరుకుంటే దొరకదు. క్రియాటినిన్ చూసి, దాన్నుంచి వడపోత లెక్క కట్టాలి, అదీ ఒక్కసారి కాక కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు.

ఇది ఆపరేషన్ రకాన్నే మార్చగల విషయం. బైపాస్ తర్వాత పేగు నుంచి ఆక్సలేట్ ఎక్కువగా రక్తంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్లకు, ఒక్కోసారి మూత్రపిండాల దెబ్బకు దారితీస్తుంది. అందుకే మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి సాధారణంగా జీర్ణాశయాన్ని నిలువుగా కోసి గొట్టంలా మిగిల్చే స్లీవ్ పద్ధతినే ఎంచుకుంటారు. ఏ ఆపరేషన్ అయినా మొదటి వారాల్లో నీళ్లు కొద్దికొద్దిగానే దిగుతాయి. ఎండాకాలంలో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనికి దిగే మనిషి ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు మొదట దెబ్బతింటాయి. కాబట్టి పనికి ఎప్పుడు తిరిగి వెళ్లాలి, ఏ కాలంలో ఆపరేషన్ పెట్టుకోవాలి అనేవి కూడా సన్నాహంలో భాగమే. నొప్పి బిళ్లలు ఎన్ని వాడుతున్నారో దాచకుండా చెప్పాలి. అవి మూత్రపిండాలకూ చేటు, బైపాస్ చేసిన చోట పుండుకూ కారణం.

రెండోది అడ్డపొగ. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరగ్రామాల స్త్రీలలో తరతరాలుగా ఉంది. అంగిలి క్యాన్సర్ మీద ప్రపంచానికి తెలిసిన పరిశోధనల్లో కొన్ని దీని మీదే జరిగాయి. ఆసుపత్రి ఫారంలో ఉండే ప్రశ్న సిగరెట్ గురించి. అది అడిగితే పెద్దావిడ లేదనే చెబుతుంది, అందులో అబద్ధం కూడా లేదు. చుట్ట తాగుతావా అమ్మా, అడ్డపొగ అలవాటుందా అని అడగాలి. కోడలు ముందు, కొడుకు ముందు కాక ఒంటరిగా అడగాలి. అలవాటు ఉంటే ఆపరేషన్‌కు కనీసం ఆరు వారాల ముందు పూర్తిగా మానాలి, ఎంత ముందు మానితే అంత మేలు. పొగ మానకపోతే గాయం మానదు, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, బైపాస్ కుట్టు దగ్గర పుండు పడుతుంది. నోరు తెరిపించి అంగిలి చూడడం కూడా ఇక్కడి సన్నాహంలో తప్పనిసరి కావాలి.

మూడోది థయమిన్, అంటే విటమిన్ బి1. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ఈ తీరం కూడా భాగమైన ఉత్తర సర్కారు జిల్లాలు దేశంలోనే బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం. మెక్‌కారిసన్, ఎక్రాయిడ్ వంటి పోషకాహార శాస్త్రజ్ఞులు కూనూరు ప్రయోగశాల నుంచి ఈ తీరాన్ని ప్రత్యేకంగా గమనించారు. తెలుగు తీరంలో మరపట్టిన పచ్చి బియ్యం తినడం, ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు లేకపోవడం వాళ్లు తేల్చిన తేడా. పాత బెరిబెరి ఇప్పుడు అరుదు. కానీ తెల్లగా పాలిష్ చేసిన అన్నమే మూడు పూటలా తినే మనిషికి బి1 నిల్వ మొదటే తక్కువ. ఆ నిల్వ నిండుగా ఉన్నవారికి కూడా రెండు మూడు వారాలే వస్తుంది. ఆపరేషన్‌కు ముందు రెండు వారాల ద్రవాహారం, ఆపరేషన్, తర్వాత వాంతులు కలిస్తే నిల్వ అడుగంటుతుంది. కళ్లు తిరగడం, చూపు రెండుగా కనపడడం, నడక తూలడం, మతి తప్పడం దాని లక్షణాలు. మెదడుకు కలిగే నష్టం కొందరిలో ఎప్పటికీ మిగిలిపోతుంది. ద్రవాహారం మొదలైన రోజు నుంచే బి1 మాత్ర ఇస్తే దీన్ని చాలావరకు తప్పించవచ్చు. ఇంత చవక మందుతో ఆగే ప్రమాదం ఈ మొత్తం వైద్యంలో ఇంకొకటి లేదు.

రక్తహీనత సంగతి పైన అంకెల్లో చూశాం. ఆపరేషన్ తర్వాత ఐరన్ ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది కాబట్టి లోటును ముందే పూడ్చాలి. మాత్రలతో పూడ్చాలంటే నెలలు పడుతుంది, ఇంజెక్షన్ అయితే వారాల్లో పని అవుతుంది. సీతంపేట, పార్వతీపురం, సాలూరు కొండ ప్రాంతాల గిరిజనులకు సికిల్ సెల్ పరీక్ష కూడా చేయాలి. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఈ ప్రాంతం ఎక్కువ భాగం ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్ష చేయించుకున్నవారు ఆ కార్డు చూపితే చాలు. జబ్బు ఉన్నట్టు తెలిస్తే మత్తు డాక్టరు చలి తగలకుండా, నీరు తగ్గకుండా, ప్రాణవాయువు పడిపోకుండా ప్రత్యేక జాగ్రత్త పడతాడు.

రెండు వారాల ద్రవాహారం

ఊబకాయం ఉన్నవారిలో కాలేయం కొవ్వుతో ఉబ్బి జీర్ణాశయం పైభాగాన్ని కప్పేస్తుంది. లాప్రోస్కోపీలో దాన్ని పక్కకు ఎత్తి పట్టుకుంటే తప్ప సర్జనుకు దారి కనపడదు. రోజుకు 800 కేలరీల చుట్టూ ఉండే ఆహారంతో కాలేయం కుదించుకుంటుంది, ఆ కుదింపులో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే జరుగుతుంది. నెలల తరబడి పథ్యం చేయమనే బీమా షరతుకూ ఈ రెండు వారాలకూ పోలిక లేదు. ఇవి సర్జను చేతికి చోటిచ్చే వారాలు. కొన్ని ఆసుపత్రులు వారం చాలంటాయి, బరువు బాగా ఎక్కువున్నవారికి కొన్ని నాలుగు వారాలు చెబుతాయి. ఈ తేడా మనిషి కాలేయాన్ని బట్టి వస్తే సబబే.

ఆసుపత్రి ఇచ్చే చీటీలో ప్రొటీన్ పొడి, సూపు అని ఉంటుంది. ఇంట్లో ద్రవాహారం అనగానే గుర్తొచ్చేది గంజి, తరవాణి, చోడి అంబలి, కొబ్బరినీళ్లు. ఇవి మంచివే, కానీ ఇందులో ఎక్కువ ఉన్నది పిండిపదార్థం, నీరు. రోజంతా గంజి, అంబలి మీద ఉంటే కాలేయం సరిగా కుదించుకోదు, కండ కరుగుతుంది. వెన్న తీసిన పలచని మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, కొవ్వు తీసిన పాలలో ప్రొటీన్ పొడి, గుడ్డు తెల్లసొన కలిపిన చారు వంటివి మన వంటింట్లో అమిరే దారి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రొటీన్ ఎంతన్నది, కొబ్బరినీళ్లలోని పొటాషియం తగునా అన్నది కిడ్నీ డాక్టరే చెప్పాలి. సంక్రాంతి, పైడితల్లి సిరిమాను పండగ ఈ రెండు వారాల్లో పడకుండా తేదీ అడగడం తెలివైన పని. ఇంటినిండా చుట్టాలుండగా పథ్యం నిలవదు. పెద్దలు మూఢం, ఆషాఢం చూస్తారు కాబట్టి వాళ్లతోనూ ముందే మాట్లాడుకుంటే చివరి నిమిషంలో వాయిదా పడదు.

ఈ వారాల్లోనే మందుల ప్రమాదం పొంచి ఉంటుంది. తిండి తగ్గినా ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ పాత మోతాదులోనే కొనసాగిస్తే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందులు ఇప్పుడు చవకగా దొరికి ఊరూరా వాడుకలోకి వచ్చాయి. వీటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేకుంటే షుగరు అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారే ప్రాణాపాయం ఉంది. తక్కువ పిండిపదార్థం తినే ద్రవాహారం ఆ ముప్పును పెంచుతుంది గనుక ఇంకా ముందే ఆపించే వైద్యులున్నారు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ వంటి వారపు సూదులు జీర్ణాశయం ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. వాటిని వారం ముందు ఆపాలని 2023లో అమెరికా మత్తు వైద్యుల సంఘం చెప్పింది. ముందురోజంతా ద్రవాహారమే తీసుకుంటే చాలామంది కొనసాగించవచ్చని 2024లో అక్కడి సంఘాలు కలిసి మాట మార్చాయి. కాబట్టి రెండు ఆసుపత్రులు రెండు రకాలుగా చెబితే ఆశ్చర్యపోనక్కర్లేదు. తన మత్తు డాక్టరు చెప్పిందే రోగి పాటించాలి. ఆపరేషన్‌కు ముందు ఘనాహారం కనీసం ఆరు గంటలు, నీళ్లు రెండు గంటలు ఆపడం మాత్రం దాదాపు అంతటా ఒకటే.

ఇల్లు, మనసు, సంతానం

మానసిక వైద్యుడి పరీక్ష కొన్నిచోట్ల తప్పనిసరి, కొన్నిచోట్ల నామమాత్రం. పిచ్చి ఉందా లేదా అని చూడడం దాని పని అనుకుని చాలామంది వద్దంటారు. దిగులుతో తినే అలవాటు, మద్యం, ఆపరేషన్ మీద పెట్టుకున్న ఆశలు, ఒత్తిడి ఎవరిదన్న సంగతి అక్కడ బయటపడతాయి. పెళ్లి సంబంధం కోసం ఇంట్లోవాళ్లు తెచ్చిన అమ్మాయి తన నోటితో సరేనని చెప్పే చోటు ఆ గది ఒక్కటే. బైపాస్ తర్వాత మద్యం త్వరగా ఎక్కుతుంది, కొత్తగా వ్యసనం అయ్యే అవకాశమూ ఉంది. మగవాళ్లు ఈ మాట ముందే వినాలి.

ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకూడదు. బరువు తగ్గుతుంటే ఆగిన నెలసరి తిరిగి వచ్చి, పిల్లలు పుట్టరనుకున్నవారికి కూడా గర్భం నిలుస్తుంది. బైపాస్ అయినవారికి నోటి మాత్రల మీద పూర్తి భరోసా ఉండదు కాబట్టి వేరే పద్ధతి ముందే కుదుర్చుకోవాలి.

వెంట ఉండవలసిన కాగితం

జీవితాంతం విటమిన్లు, మొదటి ఏడాదిలో మూడు, ఆరు, పన్నెండు నెలలకు రక్తపరీక్షలు ఉంటాయని ఆపరేషన్‌కు ముందే ఒప్పుకోవాలి. వాటి ఖర్చు, ప్రయాణం లెక్కలో వేసుకోకుండా ఆపరేషన్ డబ్బు మాత్రమే కూడబెట్టడం ఈ జిల్లాల్లో జరిగే పెద్ద లోపం. సర్జను విశాఖలో ఉంటాడు. వాంతులు, కడుపునొప్పి వచ్చేది అర్ధరాత్రి సొంత ఊళ్లో. అప్పుడు మొదట పిలిచేది వీధిలోని ఆర్‌ఎంపీని, ఆయన మొదట పెట్టేది గ్లూకోజు సెలైన్. బి1 అడుగంటిన మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బ అప్పటికప్పుడు ముదురుతుంది. అందుకే ఆసుపత్రి నుంచి తెలుగులో ఒక పేజీ రాయించుకుని, ఆపరేషన్‌కు వెళ్లకముందే ఆర్‌ఎంపీకి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఇచ్చి రావాలి. అందులో ఏ ఆపరేషన్ జరగబోతోంది, నొప్పి బిళ్లల్లో ఏవి ఇవ్వకూడదు, వాంతులు ఒక రోజు దాటితే గ్లూకోజుకు ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి, గుండె వేగం నిమిషానికి 120 దాటితే ఆలస్యం చేయకుండా 108 అంబులెన్సులో పంపాలి, సర్జను ఫోను నంబరు ఏది అన్నవి ఉండాలి.